సాపు ప్రతి

అక్టోబర్ 6, సోమవారం

జనం కోసం మా సంస్థ మూడు ఊళ్లలో నడిపే గదుల్లోనూ కంప్యూటర్లకు కొత్త రూపం వచ్చింది. వనపర్తిలో ఎనిమిది, గద్వాలలో ఎనిమిది, నాగర్‌కర్నూల్‌లో ఎనిమిది. శనివారం సాయంత్రం తలుపులు వేసేటప్పుడు ఒకలా ఉన్నవి, ఈ పొద్దున తెరిచేసరికి ఇంకోలా ఉన్నాయి.

మా పై అధికారి చంద్రశేఖర్ సార్ నాకు కొత్త పని ఇచ్చారు. గదులకు వచ్చేవాళ్లను ఊరికి పదిమంది చొప్పున అడిగి, కొత్త తెర ఎలా ఉందో అభిప్రాయ పత్రాలు నింపాలి. సంస్థలో చేరి ఏడాదిన్నర అయింది. ఇంతవరకు నన్ను మనుషులతో మాట్లాడే పనికి పంపలేదు. రిజిస్టర్లు, ఉత్తరాలు, పుస్తకాల బీరువా. నాకు అవి చాలు.

"చేతిరాత నీదే బాగుంటది సుమనా, అందుకే నువ్వు" అన్నారు. నేను తలుపు దాకా వెళ్లాక, "ఊకె ఫిర్యాదులు మూటగట్టుకొని రాకు. పై ఆఫీసోళ్లు చూస్తరు" అన్నారు.

వేరే రఫ్ నోటు కొనలేదు. జనం చెప్పింది రోజూ రాసుకునే ఈ పుస్తకంలోనే రాసుకుని, ఇంటికొచ్చి పత్రాల్లోకి ఎత్తి రాస్తాను. కాన్వెంటులో అలాగే కదా చేసేవాళ్లం. రఫ్‌లో ఎలా ఉన్నా అడిగేవారు కాదు. సాపు ప్రతిలో మాత్రం ఒక్క కొట్టివేత ఉండకూడదు, ఒక్క మోటు మాట ఉండకూడదు. సిస్టర్ ప్రతి శుక్రవారం చూసేవారు. నాకు ఎప్పుడూ నక్షత్రం వచ్చేది.

అక్టోబర్ 7, మంగళవారం

మొదలు మా వనపర్తి గదిలోనే. నేను ఎవరినీ అడగలేకపోయాను. గది చూసుకునే ప్రేమలతక్కే అందరినీ పిలిచి అడిగింది. నేను గోడ పక్కన కూర్చుని రాసుకున్నాను.

ఆమె మాటలు ముందుగా:

"తెర మీద డబ్బాల మూలలన్ని గుండ్రంగ చేసిన్రు. ఎందుకే? పసిపిల్లలు పాక్కుంట పోయి తలకాయకు తాకిచ్చుకుంటరనా?"

"ఇంకా?"

"మౌసు కుడి దిక్కు నొక్కితె ఇదివరకు అన్ని వరుసగ కనవడుతుండె. ఇప్పుడు సగం దాసిపెట్టిన్రు. 'ఇంకా చూపించు' అని మళ్లొకసారి నొక్కాల్నంట. అత్తగారింట్ల పెరుగు లెక్కున్నది. ఒకసారి అడిగితె వెయ్యరు."

పత్రంలో ఇలా రాశాను: "మూలల రూపకల్పన ఆకర్షణీయంగా ఉంది. కొన్ని అంశాలు ఒక అదనపు నొక్కుతో లభిస్తాయి."

అబద్ధం ఏమీ లేదు. నొక్కాలి, లభిస్తాయి. భాష సరిచేశాను, అంతే.

కింద మూడు గళ్లు: చాలా సులభం, సులభం, కష్టం. 'సులభం'లో టిక్కు పెట్టాను. ఆమె కష్టం అని అనలేదు. పెరుగు అంది.

అక్టోబర్ 9, గురువారం

నాగర్‌కర్నూల్. బిజినేపల్లిలో బస్సు మారేటప్పుడు, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కోసం తీసిన ఆధార్ కార్డు సీట్లో వదిలేసి మళ్లీ పరిగెత్తాను. మనుషులతో మాట్లాడాల్సిన రోజుల్లో నాకు ఇలాగే అవుతుంది.

గదిలో లింగయ్య గారని ఒకాయన ఉన్నారు. తిమ్మాజిపేట వైపు. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. కాలువ నీళ్ల గురించి వారానికొక అర్జీ కొట్టుకోవడానికి వస్తారట. నేను సంచిలోంచి పత్రం తియ్యకముందే మొదలుపెట్టారు.

"నువ్వేనా మేడం, గిది మార్చింది?"

"నేను కాదు సార్. ఎలా ఉందో అడగడానికి వచ్చాను."

"అయితె రాస్కో. మొదలువెట్టే గుర్తు ఎడమ మూలకుండె. ఎన్నో ఏండ్ల సంది ఆడనే ఉండె. కండ్లు మూస్కొని పోతుంటి. ఇప్పుడు దాన్ని తెచ్చి నడుమ కూసవెట్టిన్రు. మా ఇంటి తలుపు పీకి నడింట్ల నిలవెడితె నేను యాడికెల్లి రావాలె?"

పక్కవాళ్లు నవ్వారు.

"నవ్వుడు కాదు. లైను బంద్ జేసే హ్యాండిల్ ఒక దిక్కుంటది. చీకట్ల గూడ చెయ్యి ఆడికే పోతది. ఎవడన్న ఇంజనీరు అచ్చి, అందంగుంటదని ఇంకో దిక్కు వెట్టిండనుకో, ఒక లైన్‌మన్ పోతడు. నేను పోలేదు గాబట్టి చెప్తున్న. చెయ్యి నేర్సుకున్న జాగను మార్చొద్దు. గది రాయి."

"రాశాను సార్."

"ఈ మెషిన్లను కాలువల పారెయ్యమందమంటె, కాలువల నీళ్లు గూడ లేకపాయె."

పత్రంలో: "ప్రారంభ గుర్తు తెర మధ్యలో స్పష్టంగా కనిపిస్తోంది. విద్యుత్ రంగంలో అనుభవం ఉన్న వినియోగదారు ఆసక్తిగా పరిశీలించారు."

సులభం.

అక్టోబర్ 10, శుక్రవారం

ఇరవై పత్రాలు పూర్తయ్యాయి. ఒక్క కొట్టివేత లేదు.

అక్టోబర్ 13, సోమవారం

గద్వాల. బీచుపల్లి వంతెన మీద బస్సు కాసేపు ఆగింది. కృష్ణ నిండుగా ఉంది. ఇంకా కాసేపు ఆగితే బాగుండు అనుకున్నాను.

గద్వాల గదికి మెహబూబీ గారు ఇన్‌ఛార్జి. యాభై దాటి ఉంటాయి. మొదట ఊడ్వడానికి వచ్చారట, పదకొండేళ్లలో ఆ కుర్చీలోకి చేరారు. ఏ అర్జీకైనా ఆమె దగ్గర నమూనా ఉంటుంది. పింఛను ఆగితే, మీటరు కాలిపోతే, ఆధార్‌లో భర్త పేరు తప్పు పడితే, బతికున్న మనిషిని చనిపోయినట్టు రాస్తే. నలభై రెండు నమూనాలు, అన్నీ ఎర్రదారం కట్టిన ఒక పెన్‌డ్రైవులో. ఆమె కోసం మానవపాడు నుంచి కూడా వస్తారు. ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలుగు కొట్టడంలో మాత్రం నాకంటే రెండింతల వేగం.

నేను పత్రం తియ్యగానే, "నిజం చెప్పాల్నా బిడ్డా, మంచిగ చెప్పాల్నా?" అని అడిగారు.

"మీ ఇష్టం మెహబూబమ్మా" అన్నాను.

"అయితె నిజం. నేను ఇంగ్లీషు చదవను, జాగ చూసి పోత. చిన్నప్పటి సంది మగ్గాలోళ్లకు కండెలు చుట్టిన. దారం యాడున్నదని కండ్లతోటి చూస్తమా? చెయ్యికే ఎరుక. గీ డబ్బా గూడ గట్లనే నేర్సుకున్న. కుడి నొక్కు నొక్కితె పైకెల్లి ఎన్నోది నకలు, ఎన్నోది తుడుపు, లెక్కవెట్టి పోతుంటి. ఇప్పుడు వరుస తీసేసి పైన బొమ్మలు వెట్టిన్రు. కత్తెరొకటి, కాగితాలొకటి, ఇంకేందో డబ్బా ఒకటి. నేను మీద వెట్టుకున్న పట్టీ కిందికి దిగింది, మళ్ల పైకి పోతలేదు. నా దిమాక్ పరేషాన్ అయితుంది."

ఆమె కూతురు ఇక్రా పక్కనే ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం.

"మంచిగుంది మేడం. ఫోన్ లెక్కనే ఉంది. ఒక్క రోజుల వస్తది. అమ్మీకే ఊకె భయం."

"నీదేముంది, నీ దిమాక్ కొత్తది. నాది పాత సామాను" అన్నారు మెహబూబీ గారు. ఇద్దరూ నవ్వారు.

వెళ్లేటప్పుడు నన్ను మూలకు తీసుకెళ్లి ఒక కంప్యూటర్ చూపించారు. తొమ్మిదోది. బాగా పాతది కావడంతో కొత్త రూపం దానికి పట్టలేదు. వెనక్కి పంపడానికి గుడ్డ కప్పి పెట్టారు.

"ఇది ఒక్కటి ఉంచమని రాయి బిడ్డా. ఆర్నెల్లు. అర్జీలు దీని మీద కొట్టుకుంట, కొత్తది దాని మీద నేర్సుకుంట. ఇంకేం అడుగను."

రాస్తానన్నాను.

అక్టోబర్ 14, మంగళవారం

ఇక్రా మాటలు ఒక్కటే మార్చకుండా ఎత్తి రాశాను. చాలా సులభం.

మెహబూబీ గారి పత్రం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇరవైతొమ్మిది పత్రాల్లో 'కష్టం' గడి ఖాళీగా ఉంది. ఒక్కదాంట్లో టిక్కు పెడితే ఆమె ఒక్కరే చేతకానివారిలా కనబడతారు. పాత కంప్యూటర్ సంగతి రాస్తే, ప్రేమలతక్క పెరుగు, లింగయ్య గారి తలుపు, అన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాలి.

"వినియోగదారు మార్పుకు అలవాటు పడుతున్నారు. బొమ్మల గుర్తులను గమనించారు."

సులభం. ఆమె మంచికే.

అక్టోబర్ 17, శుక్రవారం

ముప్పై పత్రాలూ ఇచ్చాను. సార్ పేజీలు తిప్పి, "ఏం రాత సుమనా! అచ్చు వేసినట్టున్నది" అన్నారు.

శుక్రవారమే కావడం చిత్రం.

అక్టోబర్ 27, సోమవారం

హైదరాబాదు పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ముప్పైకి ముప్పైమందికీ సులభంగా ఉంది కాబట్టి, నేర్పే తరగతులు అవసరం లేదన్నారు. మూడు గదుల్లోని పాత కంప్యూటర్లు వెనక్కి పంపమన్నారు. ఆటోలో వెళ్లిపోయాయి. గుడ్డలు కూడా తీయకుండానే.

నా పత్రాలను మిగతా జిల్లాలకు నమూనాగా పంపుతారట. అమ్మకు చెప్పాను. పరమాన్నం చేస్తానంది. తలనొప్పిగా ఉందన్నాను.

నవంబర్ 4, మంగళవారం

గద్వాల నుంచి ఫోను. మెహబూబీ గారి పెన్‌డ్రైవు ఖాళీ అయింది. నకలు తీయబోయి తుడుపు బొమ్మ నొక్కారట. ఇంగ్లీషులో ఏదో అడిగితే 'సరే' నొక్కారట. కంప్యూటర్లో తుడిస్తే చెత్తబుట్టలోనైనా దొరికేది. పెన్‌డ్రైవులో తుడిస్తే అక్కడికీ రాదు. నలభై రెండూ పోయాయి. బయట తొమ్మిదిమంది అర్జీల కోసం కూర్చుని ఉన్నారట.

రెండో ప్రతి పెట్టుకోకపోవడం ఆమె పొరపాటు. వయసు కూడా. చెయ్యి వణుకుతుందేమో. అది నా తప్పెలా అవుతుంది?

నవంబర్ 6, గురువారం

సారూ నేనూ కలిసి గద్వాల వెళ్లాం. సార్ మంచిగానే మాట్లాడారు. కోపం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"మెహబూబమ్మా, మూడు ఊళ్లల ముప్పైమందిని అడిగినం. ఒక్కరు గూడ కష్టం అనలే. మీకొక్కరికే ఎందుకైతుంది? ఆరోగ్యం బాగలేదా?"

ఆమె తలెత్తి నన్ను చూశారు. ముప్పైలో తానూ ఒకరని ఆమెకు తెలుసు. తాను ఏం చెప్పారో తెలుసు. ఇప్పుడు చెప్తారు అనుకున్నాను.

చెప్పలేదు.

"ఎవ్వరు అనలేదా సార్? ఒక్కరు గూడ?"

"ఒక్కరు గూడ."

కాసేపు కీబోర్డు మీది దుమ్ము కొంగుతో తుడిచారు. "అయితె నాదే తప్పు. మా అమ్మకు గూడ గిట్లనే అయింది సార్. మొదలు పొయ్యి మర్సిపోయింది. తర్వాత మమ్మల్ని మర్సిపోయింది. నేను ఇడిచిపెడ్త. ఎవరన్న సిన్నోళ్లను కూసవెట్టుండ్రి."

తాళం చెవి సార్‌కు ఇవ్వలేదు. నా చేతిలో పెట్టారు.

కొత్త మనిషి దొరికే దాకా గద్వాల గది మూసి ఉంటుంది. చెవి నా సంచిలో ఉంది.

నవంబర్ 7, శుక్రవారం

భాష సరిచేశాను, అంతే.

నవంబర్ 8, శనివారం

పుస్తకం చదవలేకపోతున్నాను. ఒకే పేజీ.

నవంబర్ 11, మంగళవారం

ఆఫీసు కాపీల్లో ప్రేమలతక్క తన పత్రం చూసుకుంది.

"'రూపకల్పన ఆకర్షణీయంగా ఉంది' అని నేనన్ననా? మా ఆయనకు చూపిస్తె, ఎవరీమె, జర పరిచయం చెయ్ అంటడు." కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. "పోనీ తియ్. ఇవన్ని ఎవరు చదువుతరు?"

నాకు ఎంతో తేలికగా అనిపించింది. అవును, ఎవరు చదువుతారు.

తర్వాత బ్యాగు సర్దుకుంటూ అంది: "గద్వాల మెహబూబమ్మ గట్లెందుకు జేసిందో. అందరం తిట్టినం. ఆమె ఒక్కతె కుర్చీ ఇడిచిపెట్టింది."

అందరం తిట్టినం. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పనివ్వలేదు.

నవంబర్ 15, శనివారం

చెప్పేద్దామని గద్వాల వెళ్లాను. కోటకు వెనకవైపు సందులో వాళ్ల ఇల్లు. ఇక్రా తలుపు తీసింది. మొహం మాడ్చుకుంది.

"అమ్మీ ఫోన్ గూడ ముడతలేదు మేడం. గ్యాసు బంద్ జేసిన్నా అని మూడుసార్లు పోయి చూస్తుంది. దవాఖానకు తోల్కపొమ్మంటుంది, దిమాక్ ఫోటో తీపియ్యమంటుంది. అందరికి ఈజీ ఉంది కద, నాకొక్కదానికే ఎందుకని ఒక్కటే మాట. నేను గూడ ఈజీ అంటి. అదే పట్టుకున్నది." గొంతు తగ్గించింది. "నేను ఊకె అన్న మేడం. నాకు గూడ రెండ్రోజులు దొర్కలే, నకలు బొమ్మ."

ఆ ఒక్కటీ నేను మార్చకుండా రాసింది.

మెహబూబీ గారు సేమియా పెట్టారు. చక్కెర ఎక్కువైందేమో చూడమన్నారు, రెండుసార్లు వేశానేమో అన్నారు. సరిగ్గా ఉంది. సరిగ్గా ఉందన్నాను.

"ఎలా చెప్పాలో తెలియడం లేదు" అని మొదలుపెట్టాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేశారు.

"నాకు ఎరుకే బిడ్డా."

"నేను కష్టం అన్నది నువ్వు రాయలే. అందరు సులువు అంటె నా ఒక్కదాని పేరు ఆడ ఎందుకని, నా పరువు కాపాడినవ్. ఆ దినం సార్ ముందట అర్థమైంది నాకు. నీ కన్నతల్లి మంచిగ పెంచింది నిన్ను."

సేమియా మొత్తం తిన్నాను. ఇంకా వేస్తే అదీ తిన్నాను. చెప్పలేదు.

నవంబర్ 16, ఆదివారం

ఆమె నాకు కృతజ్ఞతలు చెప్పారు.

నవంబర్ 18, మంగళవారం

కొత్త మనిషి కోసం ప్రకటన రాయమన్నారు సార్. "కొత్త తెరపై సులభంగా పనిచేయగలవారు" అని మొదలుపెట్టి ఆపేశాను. రేపు ఇస్తానన్నాను.

ముప్పైమంది అసలు మాటలు ఎక్కడైనా ఉన్నాయా అని ఆలోచించాను. పత్రాల్లో లేవు. ఈ పుస్తకంలోనే ఉన్నాయి. వాటి మధ్య మధ్య నేను రాసుకున్నవి కూడా ఉన్నాయి. 'ఆమె మంచికే.' 'వయసు కూడా.' జనం మాటలు వేరే కాగితం మీద ఎత్తి రాసి ఇవ్వొచ్చు. కాగితం తీసుకుని కూర్చున్నాను. రెండో వాక్యంలోనే లింగయ్య గారి 'నడింట్ల'ను 'ఇంటి మధ్యలో' అని రాశాను.

చింపేశాను. ఎత్తి రాసే పని నాకు ఇవ్వకూడదు.

నవంబర్ 22, శనివారం

నోటితో చెప్పలేనని తెలిసింది. అందుకే నిన్న ఫోను చేసి, "తెలుగులో కొట్టాల్సింది ఒకటి ఉంది మెహబూబమ్మా, నాకు వేగం లేదు, మీరొస్తే" అన్నాను. నాకు సాయం అనేసరికి ఒప్పుకున్నారు.

గద్వాల గది తెరిచాను. పదహారు రోజుల దుమ్ము. ఆమె కుర్చీలో కూర్చున్నారు కానీ వెనక్కి ఆనుకోలేదు, చుట్టాలింట్లో కూర్చున్నట్టు. ఈ పుస్తకం కీబోర్డు పక్కన తెరిచిపెట్టాను.

"ఉన్నది ఉన్నట్టు కొట్టండి. ఏదీ సరిచేయవద్దు."

మొదటి పేజీ కొట్టారు. పెరుగు దగ్గర ఆగి, "ఎవరన్నరు బిడ్డా ఇది?" అని నవ్వారు. వనపర్తి ప్రేమలతక్క అన్నాను. "ఆమెకు సులువే కద?" నేను పేజీ తిప్పాను. లింగయ్య గారి తలుపు దగ్గర గట్టిగా నవ్వారు. "నడింట్ల తలుపు! గీ మనిషిని జర చూడాలె నేను." మళ్లీ కొట్టారు. చేతులు వేగం అందుకున్నాయి. 'సులభం' అన్న మాట మళ్లీ వచ్చినప్పుడు వేగం తగ్గింది.

"అందరు తిట్టిన్రా?"

"అందరూ. ఇక్రా ఒక్కతి తప్ప. ఆమె కూడా ఊరికే అందట."

"నాకొక్కదానికే గాదా?"

"కాదు."

ఆమె కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. అక్టోబర్ పదమూడు వచ్చింది. తన మాటలే తాను కొట్టుకున్నారు. పద్నాలుగు వచ్చింది.

"'ఆమె మంచికే.'" పైకి చదివారు. "నా మంచికా?"

నేను కిటికీ వైపు చూశాను. లేచి బయటకు వెళ్లిపోదామనుకున్నాను. కూర్చున్నాను.

నవంబర్ నాలుగు దగ్గర చేతులు పూర్తిగా ఆగాయి. అక్కడ ఏముందో నాకు కంఠతా వచ్చు. ఆమె కుడిచెయ్యి ఎత్తి బల్ల మీద గాలిలో నిలబెట్టారు, అరచెయ్యి కిందికి.

"చూడు."

చూశాను.

"వణుకుతుందా?"

"లేదు."

"మంచిగ చూడు."

"లేదు మెహబూబమ్మా."

"ఇది గూడ కొట్టాల్నా?"

"కొట్టండి."

కొట్టారు. ఒక్క అక్షరం తప్పు లేకుండా. పదిహేనో తారీకు, సేమియా, పరువు, అన్నీ కొట్టారు. నిన్నటి వరకు ఉన్నది అయిపోయేసరికి తొమ్మిది పేజీలైంది. రెండు ప్రతులు అచ్చు తీయడానికి ముందు మౌసు కుడి వైపు నొక్కి, తెరకు దగ్గరగా వంగారు.

"ఇందుల తుడిచేది ఏది?"

చూపించాను. చెత్తడబ్బా బొమ్మ. చాలాసేపు చూశారు.

"గింత సిన్నగున్నదా" అన్నారు. "గింతదానికి నలభై రెండు."

అచ్చు తీసి, ఒక ప్రతి నాకిచ్చారు. తిట్టలేదు. ఏడవలేదు. లేచి చెయ్యి చాపారు.

"తాళం చెవి ఇటియ్."

ఇచ్చాను. నన్ను బయటికి పంపి, తలుపు ఆమే వేసుకున్నారు.

నవంబర్ 24, సోమవారం

తొమ్మిది పేజీలు సార్ బల్ల మీద పెట్టాను. నిలబడే ఉన్నాను. ఆయన పెరుగు దగ్గర నవ్వారు, తర్వాత నవ్వలేదు. చదవడం అయ్యాక కాగితాలు అంచులు కలిపి సరిచేశారు.

"నేనే అన్న కద, ఫిర్యాదులు మోసుకరాకని" అన్నారు. నాతో కాదు.

కాసేపటికి, "ఒక పని చెయ్. నీ సొంత మాటలు తీసెయ్. వాళ్లయి ఉంచు. జర నీటుగ ఇంకోటి రాసియ్. పంపుదం. నీకేం కాదు."

ఎంత సులభం. మధ్యాహ్నానికి అయిపోతుంది. నక్షత్రం కూడా వస్తుంది.

"రాయను సార్."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన తలెత్తి చూశారు.

"ఇదే పంపండి" అన్నాను.

డిసెంబర్ 6, శనివారం

సార్ ఆ తొమ్మిది పేజీలూ అలాగే పంపారు. బుధవారం ఒక పాత కంప్యూటర్ గద్వాలకు తిరిగొచ్చింది. అదేనో కాదో తెలియదు. మళ్లీ తన కుర్చీలోకి వచ్చిన మెహబూబీ గారు అదే అంటున్నారు, పక్కన గీత గుర్తుపట్టారట. జనవరి నుంచి మూడు గదుల్లోనూ నేర్పే తరగతులు పెడతారు. మొదటి తరగతికి వస్తానని లింగయ్య గారు అప్పుడే పేరిచ్చారు, తిట్టడానికే అయినా.

నాకు మెమో వచ్చింది. ఇక బయటి పని ఉండదు. రిజిస్టర్లు, ఉత్తరాలు, బీరువా. నాకు కావలసింది అదే. అది శిక్షగా రావడం ఒక్కటే తేడా.

రెండు వారాలుగా శనివారాలు గద్వాల వెళ్తున్నాను. పోయిన నలభై రెండు నమూనాలు మళ్లీ కొడుతున్నాం. ఆమె గుర్తు తెచ్చుకుని చెప్తారు, నేను కొడతాను. ఆమె కొడితే త్వరగా అవుతుంది. కానీ నన్నే కొట్టమంటారు. ఏడు అయ్యాయి. ఒక్కదానిలోనూ ఆమె ఏదీ మరచిపోలేదు. మూడేళ్ల కిందట ఒక అర్జీలో ఏ పేరాలో ఏ సెక్షన్ వచ్చిందో కూడా చెప్తారు. ఇప్పుడు గ్యాసు ఒక్కసారే చూసుకుంటున్నారట, ఇక్రా చెప్పింది.

ఈరోజు టీ తాగేటప్పుడు అన్నారు:

"శనారం శనారం వస్తున్నవ్, మంచిదే. అయితె ఒక మాట. మెహబూబమ్మ మాఫ్ జేసిందని ఆ బుక్కుల రాసుకోకు. నేనింక చెయ్యలే."

"రాయను."

"చేసిన్నాడు నేనే చెప్త. అప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

"సరే."

"టీ సల్లగైతుంది, తాగు."

ఎనిమిదోది మొదలుపెట్టాం. బతికున్న మనిషిని చనిపోయినట్టు రాసినప్పుడు, సరిచేయమని పెట్టుకునే అర్జీ. ఆమె చెప్పారు, నేను కొట్టాను. రెండు చోట్ల వాక్యం నాకు సరిగా లేదనిపించింది. వేళ్లు ఆగాయి. ఆమె నా చేతుల వైపే చూస్తున్నారు.

అలాగే కొట్టాను.